పిల్లలు పెద్దవాళ్లయ్యాక పాత భరణం బాకీ ఏమవుతుంది?

విడిపోయిన దంపతుల పిల్లల భరణం విషయంలో హైదరాబాద్ కుటుంబాల్లో రెండు నమ్మకాలు తరచూ వినిపిస్తాయి. పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండిన రోజుతో తన బాధ్యత తీరిపోవడమే కాక, అంతవరకు ఎగవేసిన సొమ్ము కూడా మాఫీ అయిపోతుందని కట్టవలసిన తండ్రి అనుకుంటాడు. కోర్టు ఉత్తర్వు బీరువాలో భద్రంగా ఉంది కనుక ఎప్పుడు అడిగినా మొత్తం బాకీ చేతికొస్తుందని అందుకోవలసిన తల్లి అనుకుంటుంది. ఇద్దరూ పొరబడుతున్నారు. పిల్లల వయసును బట్టి తెలిసేది ముందు ముందు కట్టవలసిన భరణం ఎప్పుడు ఆగుతుందన్నది మాత్రమే. పాత బాకీని ఎన్నాళ్లదాకా వసూలు చేసుకోవచ్చన్నది మాత్రం ప్రతి నెల సొమ్ము ఏ తేదీన బాకీపడింది, అసలు ఉత్తర్వు ఏ చట్టం కింద వచ్చింది అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది.

పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టులోనైనా, ఎల్.బి. నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల ప్రాంగణంలోనైనా భరణం కేసులు, అంటే కోర్టు కాగితాల్లో మనోవర్తి అని రాసేవి, చాలావరకు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షన్ కింద దాఖలైనవే. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది; పాత 125 ఇప్పుడు 144వ సెక్షన్ అయింది. సారంలో పెద్ద మార్పు లేదు, పాత సెక్షన్ కింద వచ్చిన ఉత్తర్వులు చెల్లుబాటులోనే ఉన్నాయి. తమను తాము పోషించుకోలేని మైనర్ పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రుల పెళ్లి చట్టబద్ధమైనదా కాదా అన్న తేడా లేకుండా, తండ్రి భరణం ఇవ్వాలని ఈ సెక్షన్ చెబుతుంది. శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని పిల్లలకైతే మేజర్ అయ్యాక కూడా భరణం కొనసాగుతుంది.

కూతుళ్ల సంగతి కాస్త వేరు. 125వ సెక్షన్ వరకే చూస్తే మేజరైన ఆరోగ్యవంతురాలైన కూతురికి హక్కు లేదు. అయితే 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, తనను తాను పోషించుకోలేని అవివాహిత కూతురు పెళ్లయ్యేదాకా తండ్రి నుంచి భరణం కోరవచ్చు. సుప్రీంకోర్టు 2020 సెప్టెంబర్‌లో ఈ రెండింటి మధ్య తేడాను విడమరచి, అలాంటి కూతురు 1956 చట్టం కింద విడిగా అడగాలని చెప్పింది. పాతబస్తీ కుటుంబాలకు పనికొచ్చే తీర్పు 1997లో వచ్చింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీల కోసం 1986లో చేసిన చట్టం పిల్లల హక్కును కుదించలేదని, కొడుకులు మేజర్లయ్యేవరకు, కూతుళ్లు పెళ్లయ్యేవరకు 125వ సెక్షన్ కింద తండ్రి నుంచి భరణం పొందవచ్చని సుప్రీంకోర్టు అందులో తేల్చింది. కనుక పద్దెనిమిదేళ్ల గీత కూడా అందరికీ ఒకేచోట ఉండదు. చేతిలో ఉన్న ఉత్తర్వులో ఏ మాట రాసి ఉందో చదువుకోకుండా భరణం ఆగిపోయిందనీ ఆగలేదనీ ఎవరూ అనుకోకూడదు.

ఇక బాకీ సంగతి. పిల్లవాడు మేజర్ అయ్యాడంటే ఆ నెల నుంచి కొత్తగా భరణం బాకీపడదు. అంతకుముందు బాకీపడినది అలాగే ఉంటుంది; మైనర్ వయసు దాటినంత మాత్రాన అది రద్దవుతుందని చట్టంలో ఎక్కడా లేదు. చిక్కంతా వసూలు చేసే మార్గంలో ఉంది. 125వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం, సరైన కారణం లేకుండా భరణం ఎగవేసినవాడి మీద జరిమానా వసూలు చేసే పద్ధతిలోనే వారంట్ జారీ చేయవచ్చు. అంటే చరాస్తులు జప్తు చేసి అమ్మవచ్చు, లేదా భూమి శిస్తు బకాయిలా వసూలు చేయమని కలెక్టర్‌కు వారంట్ పంపవచ్చు. అప్పటికీ కట్టకపోతే కట్టని ఒక్కో నెల భరణానికి ఒక నెల వరకు జైలు విధించవచ్చు. ఇంత పదునైన అధికారానికి అదే ఉపవిభాగం ఒక గడువు కూడా పెట్టింది. సొమ్ము బాకీపడిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేస్తేనే వారంట్ జారీ అవుతుంది. ఆ ఏడాది దాటితే ఆ నెల సొమ్ముకు ఈ దారి మూసుకుపోతుంది.

దారి మూసుకుపోయినంత మాత్రాన అప్పు తీరిపోయినట్టా? కాదని సుప్రీంకోర్టు 2013లో స్పష్టంగా చెప్పింది. ఏడాది గడువు దాటితే వారంట్, నిర్బంధం అనే సత్వర మార్గం మాత్రమే అందుబాటులో ఉండదని, భరణం పొందే హక్కుకు భంగం కలగదని, సివిల్ కోర్టులో మామూలు పద్ధతిలో వసూలు చేసుకునే వీలు అలాగే ఉంటుందని ఆ తీర్పు సారాంశం. చెప్పడానికి ఇది ఊరటే. ఆ మామూలు పద్ధతికి కూడా గడువులు ఉన్నాయన్నది మాత్రం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ఊహకు, నాచారంలో ఉంటున్న ఒక తల్లికి 2012 జనవరిలో ఉత్తర్వు వచ్చిందనుకుందాం. 2004 జూన్‌లో పుట్టిన కూతురికి, 2007 జూన్‌లో పుట్టిన కొడుకుకు నెలకు చెరి 5,000 రూపాయలు ప్రతి నెలా పదో తారీకున కట్టాలి. తండ్రి రెండేళ్లు కట్టి, 2014 జనవరి నుంచి మానేశాడు. కూతురు 2022 జూన్‌లో, కొడుకు 2025 జూన్‌లో మేజర్లయ్యారు. కూతురి కింద 101 నెలలకు 5,05,000, కొడుకు కింద 137 నెలలకు 6,85,000, మొత్తం 11,90,000 రూపాయల బాకీ. ఆ తల్లి ఇన్నేళ్లూ కోర్టు గడప తొక్కకుండా 2026 జనవరి 5న మొదటిసారి వసూలు కోసం దరఖాస్తు పెట్టిందనుకుంటే, వారంట్ ద్వారా అడగగలిగేది గడిచిన ఏడాదిలో బాకీపడిన సొమ్మే. అంటే 2025 జనవరి నుంచి మే వరకు కొడుకుకు రావలసిన అయిదు నెలల 25,000 రూపాయలు మాత్రమే. అదే దరఖాస్తు 2026 మే నెల గడిచాక పెడితే ఒక్క రూపాయికి కూడా వారంట్ రాదు. దాదాపు పన్నెండు లక్షల హక్కు పాతికవేలకు, ఆపైన సున్నాకు దిగిపోయింది. దిగడానికి కారణం పిల్లలు పెద్దవాళ్లు కావడం కాదు, ఏళ్లు గడిచిపోవడం.

మిగిలిన సొమ్ముకు సివిల్ దావా వేస్తే? దావాలకు గడువులు పెట్టే 1963 నాటి లిమిటేషన్ చట్టంలోని 105వ అధికరణం ప్రకారం హిందువు భరణ బకాయిల కోసం వేసే దావాకు, ఆ బకాయి చెల్లించవలసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. పై ఉదాహరణలో ఆ లెక్కన 2023 జనవరి నుంచి 29 నెలల సొమ్ము, 1,45,000 రూపాయలు, దావాకు అందుతుంది. అదే ఉత్తర్వు మొదట్లోనే సివిల్ చట్టం కింద, అంటే 1956 భరణ చట్టం కింద వేసిన దావాలోనో, హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద విడాకుల కేసులోనో డిక్రీగా వచ్చి ఉంటే కథ మొత్తం మారిపోయేది. సివిల్ కోర్టు డిక్రీని అమలు చేయించుకోవడానికి అదే లిమిటేషన్ చట్టంలోని 136వ అధికరణం పన్నెండేళ్ల గడువు ఇస్తుంది. నెలనెలా చెల్లించవలసిన డిక్రీ అయితే ఏ నెల సొమ్ము ఎగ్గొడితే ఆ నెల నుంచి ఆ పన్నెండేళ్లు లెక్కకు వస్తాయి. 2014 జనవరి 10న మొదటిసారి ఎగ్గొట్టిన సొమ్ముకు 2026 జనవరి 10 దాకా గడువు ఉంటుంది కనుక, జనవరి 5న వేసిన ఎగ్జిక్యూషన్ పిటిషన్‌లో 11,90,000 మొత్తాన్నీ అడగవచ్చు. తల్లి అదే, పిల్లలు వాళ్లే, బాకీ అంతే. తేడా అంతా ఉత్తర్వు మీద ఉన్న సెక్షన్ నంబరులో ఉంది. కేసు వేసే రోజున ఎక్కువమంది త్వరగా తేలే దారినే చూసుకుంటారు, అది సహజం. కాని పదిహేనేళ్ల భరణం అడుగుతున్నప్పుడు వసూలు గడువు గురించి కూడా వకీలును ఒక మాట అడిగి ఉండవలసింది.

ఈ రెండు దారుల మధ్య దూరాన్ని తగ్గించే మాట ఒకటి 2020 నవంబర్ 4న వచ్చింది. జస్టిస్ ఇందు మల్హోత్రా, హైదరాబాద్‌లో న్యాయవాదిగా ఎదిగిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి కలిసి ఇచ్చిన తీర్పులో, భరణం దరఖాస్తు చేసిన తేదీ నుంచే ఇవ్వాలని, ఇరుపక్షాలూ తమ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయాలని దేశమంతటికీ ఒకే పద్ధతి నిర్దేశించారు. భరణం ఉత్తర్వును సివిల్ కోర్టు డబ్బు డిక్రీలాగా, ఆస్తుల జప్తు, సివిల్ నిర్బంధం సహా అమలు చేయవచ్చని కూడా అందులోనే చెప్పారు. 125వ సెక్షన్ ఉత్తర్వు చేతిలో ఉండి ఏడాది దాటిపోయినవాళ్లకు వాదించడానికి ఇది మంచి ఆధారం. అయితే దీన్ని పట్టుకుని పన్నెండేళ్ల గడువు తమకూ వర్తిస్తుందని ముందే లెక్కలు వేసుకోవడం తొందరపాటు అవుతుంది.

మూసుకుపోయే దారిని తెరిచి ఉంచుకునే పద్ధతి ఒకటి కోర్టుల్లో ఎప్పటి నుంచో ఉంది. బాకీపడిన సొమ్ముకు ఏడాది నిండేలోపు ఒక వసూలు దరఖాస్తు దాఖలు చేస్తూ పోవడమే అది. గడువులోపు వేసిన దరఖాస్తు పెండింగులో ఉండగా ఆ తరువాత బాకీపడిన నెలలకు మళ్లీ మళ్లీ కొత్త దరఖాస్తులు వేయనక్కరలేదని, భరణం చెల్లించే బాధ్యత నిరంతరం సాగేదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. తండ్రి చిరునామా దొరకలేదని, వారంట్ స్టేషన్‌కు వెళ్లి అలాగే తిరిగొచ్చిందని విసిగిపోయి కేసును డిస్మిస్ కానివ్వడం వల్ల జరిగే నష్టం ఇక్కడే కనిపిస్తుంది. వసూలు కాకపోయినా పెండింగులో ఉన్న దరఖాస్తు ఆ నెలలన్నిటినీ కాపాడుతూ ఉంటుంది.

జైలు గురించి కూడా ఒక అపోహ ఉంది. నెల రోజులు లోపల కూర్చుని వస్తే బాకీ చెల్లు అని గట్టిగా నమ్మేవాళ్లు ఉన్నారు. జైలు అన్నది చెల్లింపు రాబట్టే సాధనమే తప్ప చెల్లింపు కాదని, శిక్ష అనుభవించినంత మాత్రాన బాకీ తీరదని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చేసింది. ఒకసారి నెల వరకు శిక్ష పడ్డాక కూడా కట్టకపోతే మళ్లీ కోర్టుకు రావచ్చని 1999లో చెప్పింది.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఈ బాకీ అడగవలసింది ఎవరన్నది మరో చిక్కు ప్రశ్న. భరణం పిల్లవాడి హక్కు. తల్లి అతని తరఫున సంరక్షకురాలిగా అడిగింది. వాస్తవంలో ఆ సొమ్ము లేని లోటు భరించింది ఆమే. గొలుసు తాకట్టు పెట్టి, చిట్టీ పాడుకుని, అన్నదమ్ముల దగ్గర చేబదులు తీసుకుని స్కూలు ఫీజులు కట్టిన మనిషికి ఇప్పుడు వచ్చే డబ్బు ఆమె ఖర్చు పెట్టినదే తిరిగి రావడం అవుతుంది. చట్టం కాగితం మీద హక్కును బిడ్డ పేర రాస్తుంది కనుక, బిడ్డ మేజర్ అయ్యాక తల్లికి అడిగే అర్హత లేదని ఎదుటి పక్షం అభ్యంతరం లేవదీయవచ్చు. కేసు నడుస్తుండగా మైనర్ మేజర్ అయితే దాన్ని కొనసాగించాలా వద్దా తానే తేల్చుకోవాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ చెబుతుంది. అందువల్ల పద్దెనిమిది నిండిన వెంటనే కొడుకునో కూతురినో కూడా పిటిషనర్‌గా చేర్చడం, ఇద్దరి సంతకాలతో ముందుకు వెళ్లడం క్షేమం. ఇందులో ఒక లాభం కూడా ఉంది. హక్కు పుట్టిన నాటికి మైనర్‌గా ఉన్నవాళ్లకు లిమిటేషన్ చట్టం 6, 8 సెక్షన్లు మినహాయింపు ఇస్తాయి. మేజర్ అయ్యాక గరిష్ఠంగా మూడేళ్లలోపు దావా వేసే వీలు ఉంటుంది. పై ఉదాహరణలోని కొడుకు 2028 జూన్ వరకు తన మైనారిటీ కాలపు బాకీ కోసం ఈ మినహాయింపును చూపి వాదించగలడు. కూతురికి ఆ అవకాశం 2025 జూన్‌తోనే దాటిపోయింది. చాలా ఇళ్లలో ఈ మూడేళ్లూ ఇంజనీరింగ్ సీటు, హాస్టల్ ఫీజు, క్యాంపస్ ప్లేస్‌మెంట్ గొడవల్లోనే గడిచిపోతాయి. "పోనీ వదిలేయమ్మా, ఆయన డబ్బు మనకెందుకు" అని పిల్లలే అనడం కూడా మామూలే.

వదిలేయడం గురించి కూడా చెప్పుకోవాలి. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునేటప్పుడు తనకూ పిల్లలకూ భరణం అక్కరలేదని తల్లి రాసిస్తుంది. ఆ కాగితం తండ్రి జాగ్రత్తగా దాచుకుంటాడు. తల్లి తన హక్కును వదులుకోగలదేమో గాని పిల్లల హక్కును వదులుకోలేదని, ఆమె చేసుకున్న రాజీ పిల్లలను కట్టిపడేయదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇది తండ్రులు తెలుసుకోవలసిన సంగతి. నిజంగా మొత్తం తేల్చుకోదలచుకున్నవాళ్లు లోక్ అదాలత్‌లో పిల్లల పేర స్పష్టమైన మొత్తం, చెల్లించే తేదీలు రాయించుకోవడం మంచిది. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ డిక్రీతో సమానమైన విలువ ఉంది, దాని మీద అప్పీలు లేదు.

కట్టవలసిన తండ్రి వైపు నుంచి చూస్తే, అతని దగ్గర నిజమైన కష్టాలే ఉండవచ్చు. ఉద్యోగం పోయి ఉండవచ్చు, ఆరోగ్యం చెడి ఉండవచ్చు. అలాంటప్పుడు భరణం తగ్గించమని కోరడానికి పాత 127, కొత్త 146 సెక్షన్ ఉంది. కాని అది పరిస్థితి మారినప్పుడే అడగవలసిన పని. ఆరేళ్లు మౌనంగా ఉండి, వారంట్ వచ్చాక అప్పట్లో ఉద్యోగం లేదని చెబితే పేరుకున్న బాకీ దానంతట అది కరగదు. మధ్యలో ఇచ్చిన సొమ్ముకు రుజువు ఉండాలి. పండక్కి కొన్న బట్టలు, పుట్టినరోజుకు ఇచ్చిన స్కూటీ, అమ్మమ్మ చేతిలో పెట్టిన నగదు భరణం కింద జమ పడతాయని అనుకోవడం ప్రమాదం. కోర్టులో డిపాజిట్ చేయడమో, బ్యాంకు ఖాతాకు పంపడమో చేస్తేనే లెక్కలో నిలుస్తుంది.

పిల్లలు పెద్దవాళ్లయ్యే నాటికి తండ్రి రిటైర్మెంట్‌కు దగ్గర పడతాడు కనుక, వసూలు దేని మీద చేయాలన్న ప్రశ్న కూడా ముఖ్యమే. మామూలు అప్పుకు జీతంలో పెద్ద భాగం జప్తుకు దొరకదు. భరణం డిక్రీ అయితే జీతంలో మూడో వంతుకే రక్షణ ఉంటుంది, మిగిలిన రెండు వంతులూ జప్తు చేయవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. పింఛనుకు, ప్రావిడెంట్ ఫండ్‌కు అదే సెక్షన్ జప్తు నుంచి రక్షణ ఇస్తుంది. కనుక జీతం వస్తున్నంతకాలం చేయగలిగిన వసూలు రిటైర్ అయ్యాక కష్టమవుతుంది. బాకీదారు వ్యాపారం అప్పుల్లో కూరుకుపోయి ఉంటే, 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పిన మాట పనికొస్తుంది. భరణం హక్కు గౌరవంగా బతికే హక్కులో భాగమని, ఆర్థిక సంస్థల బాకీల కంటే భరణ బకాయిలకే ప్రాధాన్యమని అందులో ఉంది. తండ్రి చనిపోయినా అతని మీద ఉన్న డిక్రీ పోదు, అతని ఆస్తి ఎవరికి చేరితే ఆ ఆస్తి మేరకు వాళ్లు బాధ్యులు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి పెళ్లి పిల్లలు కూడా మొదటి తరగతి వారసులే కాబట్టి, వీలునామా లేకపోతే వాళ్లు ఒకే ఆస్తి మీద అప్పిచ్చినవాళ్లుగానూ వాటాదారులుగానూ నిలబడే వింత పరిస్థితి వస్తుంది.

అసలు ఉత్తర్వే లేకపోతే? ఏ కోర్టుకూ వెళ్లకుండా ఒంటిచేత్తో పిల్లలను పెంచిన తల్లి, ఇరవై ఏళ్ల తరువాత 125వ సెక్షన్ కింద పాత సొమ్ము అడగలేదు. దరఖాస్తు చేసిన తేదీ కంటే వెనక్కి ఆ సెక్షన్ వెళ్లదు. చదువుకుంటున్న కూతురికి మాత్రం, చదువు ఖర్చులు తల్లిదండ్రుల నుంచి పొందే చట్టబద్ధమైన హక్కు ఉందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు అన్న మాట ముందుకాలానికి ఉపయోగపడుతుంది.

ఈ విషయం మీద ఇంటర్నెట్‌లో వెతికితే మొదట ఎదురయ్యేది అమెరికా చట్టం. దాన్ని చదివి మన కేసుకు అన్వయించుకుంటే పొరపాటే. కాని డల్లాస్‌లోనో శాన్ హోజేలోనో విడాకులు తీసుకున్న హైదరాబాదీలకు వర్తించేది అదే కనుక తెలుసుకోక తప్పదు. 1986లో తెచ్చిన బ్రాడ్లీ సవరణ ప్రకారం అక్కడ బాకీపడిన ప్రతి వాయిదా, బాకీపడిన రోజునే కోర్టు తీర్పుతో సమానమవుతుంది. ఆ తరువాత ఏ జడ్జి కూడా దాన్ని వెనక్కి వెళ్లి తగ్గించలేడు. తగ్గించమని పిటిషన్ వేసి ఎదుటివారికి నోటీసు ఇచ్చిన తరువాతి కాలానికి మాత్రమే మార్పు సాధ్యం. ఉద్యోగం పోయినా, ఇండియాకు తిరిగొచ్చేసినా, పిటిషన్ వేయనంతకాలం మీటరు తిరుగుతూనే ఉంటుంది. దీనికి వడ్డీ కూడా తోడవుతుంది. కాలిఫోర్నియాలో ఏడాదికి 10 శాతం, టెక్సస్‌లో 6 శాతం. కాలిఫోర్నియాలో బాకీ పూర్తిగా తీరేదాకా అమలులో ఉంటుంది, కాలపరిమితి అంటూ లేదు. టెక్సస్‌లో బిడ్డ మేజర్ అయ్యాక లేదా ఉత్తర్వు ముగిశాక పదేళ్లలోపు బాకీని కోర్టు చేత ఖరారు చేయించుకోవాలి. దివాలా తీసినా ఈ బాకీ రద్దు కాదు. జీతంలో సగం నుంచి 65 శాతం వరకు యజమానే కోసి పంపవచ్చు, పన్ను రీఫండ్ పట్టుకోవచ్చు, బాకీ 2,500 డాలర్లు దాటితే అమెరికా పాస్‌పోర్టు నిరాకరిస్తారు. ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉన్నవాడికి చివరిది తగలదు గాని, పౌరసత్వానికి దరఖాస్తు చేసిన రోజున మరొకటి తగులుతుంది. తన మీద ఆధారపడినవారిని ఉద్దేశపూర్వకంగా పోషించకపోవడం సత్ప్రవర్తన లేదనడానికి ఒక కారణంగా అక్కడి నిబంధనల్లో ఉంది.

అలాంటి అమెరికా ఉత్తర్వును పట్టుకుని నేరుగా హైదరాబాద్ కోర్టులో అమలు చేయించడం కుదరదు. విదేశీ డిక్రీలను ఇక్కడి డిక్రీల్లాగే అమలు చేసే సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ జాబితాలో బ్రిటన్, సింగపూర్, 2020 జనవరి నుంచి యూఏఈ ఉన్నాయి, అమెరికా లేదు. ఆ తీర్పు ఆధారంగా ఇక్కడ మూడేళ్లలోపు కొత్త దావా వేయాలి, అందులో తండ్రికి నోటీసు సరిగా అందిందా, తీర్పు గుణదోషాల మీద వచ్చిందా అన్న అదే కోడ్ 13వ సెక్షన్ పరీక్షలు నెగ్గాలి. ఎదురు దిశలో, ఇక్కడి ఉత్తర్వు ఎగవేసి విదేశాల్లో ఉన్నవాడి మీద అరెస్టు వారంట్ జారీ అయి ఉంటే, ఆ సంగతి పాస్‌పోర్టు అధికారి దృష్టికి తేవచ్చు. పాస్‌పోర్టుల చట్టం 10వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవడానికి అది ఒక కారణం. పాస్‌పోర్టు పోతే వీసా ఉద్యోగం కూడా ఇబ్బందిలో పడుతుంది కనుక, జైలు కంటే దీనికే తొందరగా స్పందించేవాళ్లు ఉంటారు.

వకీలు ఫీజు భయంతో ఆగిపోయేవాళ్లకు ఒక మాట. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టంలో ఉంది. ప్రతి కోర్టు ప్రాంగణంలోనూ న్యాయ సేవల సంస్థ ఉంటుంది, ఫోను నంబరు 15100. వెళ్లేటప్పుడు అసలు ఉత్తర్వు సర్టిఫైడ్ నకలు, నెలవారీగా ఎంత వచ్చింది, ఎంత రాలేదు అన్న పట్టిక, పిల్లల పుట్టినతేదీ పత్రాలు తీసుకువెళితే, ఏ నెలలు ఏ దారికి అందుతాయో అక్కడే తేలుతుంది.

చివరగా, ఈ బాకీ తిరగబడే సందర్భం ఒకటి ఉంది. భరణం ఎగవేసిన తండ్రికి వయసు మళ్లాక, ఒకప్పుడు తాను పోషించని పిల్లలే ఇప్పుడు సంపాదనపరులై కనిపిస్తారు. 144వ సెక్షన్‌లో తల్లిదండ్రులకు కూడా భరణం హక్కు ఉంది. 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీవో ట్రైబ్యునల్ నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించగలదు. పిల్లలను గాలికొదిలేసిన తల్లిదండ్రుల దరఖాస్తును తోసిపుచ్చే అధికారం సింగపూర్ చట్టంలో రాసి ఉంది, మన చట్టంలో అలాంటి నిబంధన స్పష్టంగా లేదు. నా దృష్టిలో ఇది లోపమే. పిల్లలు చేయగలిగింది, పాత ఉత్తర్వును, కట్టని నెలల లెక్కను, వసూలు కోసం వేసిన దరఖాస్తుల నకళ్లను ట్రైబ్యునల్ ముందుంచి, మొత్తం నిర్ణయించేటప్పుడు వాటిని పరిగణించమని కోరడం. ఆ ట్రైబ్యునల్ ఉత్తర్వును పిల్లలు ఎగవేసినా వారంట్, నెల వరకు జైలు అన్న ఏర్పాటే ఉంటుంది. కాకపోతే తండ్రి వసూలు దరఖాస్తు చేసుకోవడానికి ఆ చట్టం ఇచ్చిన గడువు ఏడాది కాదు, బాకీపడిన తేదీ నుంచి మూడు నెలలే.